చెమ్మ గోడ మీద పెన్సిల్ గీతలు

పాప స్కూలు బెల్టు బీరువా వెనక పడింది. తీద్దామని చెయ్యి దూర్చితే గోడ మెత్తగా తగిలింది. గోడ మెత్తగా ఉండటమేమిటని సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. కప్పు మూల నుంచి కిందికి, మనిషి ఎత్తు మేర, సున్నం ఉబ్బి పొక్కులు పోయి ఉంది. పొక్కుల మధ్య నల్లటి బూజు, దాని అంచుల్లో పచ్చటి నూగు. తడిసిన గోనెసంచి వాసన. నిజానికి ఆ వాసన చాలా రోజులుగా వస్తూనే ఉంది. వానాకాలం కదా, ఆరని బట్టల వాసన అనుకుంటూ వచ్చాను. బీరువా మీద సూట్‌కేసులు కప్పుదాకా పేర్చి పెట్టడంతో ఆ మూల ఎవరి కంటా పడలేదు.

మాది చిలకలగూడ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న సర్కారు క్వార్టర్ల కాలనీ. అన్నీ మూడంతస్తుల బ్లాకులు. మేముండేది మధ్య అంతస్తు. క్వార్టరు నా పేరు మీదే వచ్చింది. నేను ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మా ఆయనది మందుల కంపెనీ ఉద్యోగం, నెలలో సగం రోజులు జిల్లాల్లోనే గడుస్తాయి. ఇంట్లో మిగిలేది నేను, ఒకటో తరగతి చదివే పాప, మా మామయ్య.

మామయ్య ఇంకో ప్రభుత్వ శాఖలో, ఉద్యోగుల క్వార్టర్ల మరమ్మతులు చూసే వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యారు. అత్తయ్య పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా, ఏ నల్లా కారినా ఆయన చేతికి పని దొరికినట్టే. అందుకని బీరువా పక్కకు జరిపి ముందు ఆయన్నే పిలిచాను. వేలి కణుపుతో గోడ మీద రెండు మూడు చోట్ల కొట్టి, చెవి ఆనించి విన్నారు.

"ఏంగాదు బిడ్డా. బయట గోడకు జెర పగులొచ్చి ఉంటది. వానలు తగ్గినంక గదే ఆరుతది," అన్నారు.

"మరి ఈ బూజు?"

"గుడ్డ వెట్టి తుడుస్తే పోతది."

తుడిచాను. పోయింది. వారం తిరక్కముందే మళ్ళీ వచ్చింది. ఈసారి మా ఆయన పెళ్ళినాటి కోటు మీదికి, పాప పాత బూట్లలోకి కూడా పాకింది. ఆ గదిలోనే మామయ్య మంచం, పక్కన పాప చిన్న మంచం. తాతయ్య పక్కన తప్ప అది ఇంకెక్కడా పడుకోదు.

మా కాలనీ మరమ్మతులు చూసే మెయింటెనెన్స్ ఆఫీసుకు ఒక యాప్ ఉంది. ఫొటోలు తీసి అందులో ఫిర్యాదు పెట్టాను. పదిరోజులకు ఇద్దరు మనుషులు ఒక బకెట్టు సున్నంతో వచ్చారు. తడి గోడ మీదే రెండు పూతలు పూసి, అరగంటలో వెళ్ళిపోయారు. సాయంత్రం ఫోనుకు సందేశం వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవలకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని. అప్పుడు ఫోను పాప చేతిలో ఉంది. దానికి నక్షత్రాలంటే ఇష్టం. ఐదూ నొక్కేసింది.

దసరా సెలవులు అయ్యేసరికి కొత్త సున్నం కూడా పొక్కులు లేచి, దాని లోపలి నుంచి బూజు మళ్ళీ బయటపడింది. ఒక పూట పర్మిషన్ పెట్టి ఆ ఆఫీసుకు వెళ్ళాను. జూనియర్ ఇంజనీరు కుర్రాడే, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కంప్యూటర్‌లో నా ఫిర్యాదు తీశాడు.

"మేడం, ఇది క్లోజ్ అయింది. మీరే గదా ఐదు స్టార్లు ఇచ్చింది?"

"అది మా పాప నొక్కింది."

నవ్వు ఆపుకోవడానికి అతను చాలా కష్టపడ్డాడు. తర్వాత మర్యాదగానే చెప్పాడు. "ఏమనుకోకండి మేడం, ఇప్పుడైతే ఫండ్స్ లేవు. ఎస్టిమేట్ పైకి పంపాలె. బయట గోడకు పగులొచ్చి ఉంటది. వానలు తగ్గినంక చూద్దాం."

ఇంటికి వచ్చి మామయ్యకు అదంతా చెప్పాను. స్టార్ల సంగతికి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఇంజనీరు చివరి మాట చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

"అట్లనే అన్నడా? వానలు తగ్గినంక అని?"

"అచ్చం మీరన్నట్టే, మామయ్యా," అన్నాను. కొంచెం ఉక్రోషం కూడా ఉంది నా గొంతులో. ఆయన టీ కప్పు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

చలి మొదలవుతూనే పాపకు దగ్గు పట్టుకుంది. మందు వాడితే తగ్గడం, ఆపితే తిరగబెట్టడం. మూడోసారి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు చీటీ రాస్తూ రాస్తూ ఆగి, "ఇంట్లో చెమ్మ ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "పాపను ఆ గదిలో పడుకోబెట్టకండి," అన్నారు. ఆ రోజు మామయ్య కూడా మాతో వచ్చారు. ఇంటికి రాగానే తన మంచం, పాప మంచం హాల్లోకి లాగారు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని తయారయ్యారు.

"నడువు బిడ్డా, నేను మాట్లాడుతా. మా డిపార్ట్‌మెంట్ గాకపోయినా మనది ఒకటే లైను. ఆ భాష నాకు ఎరుకే."

సెలవు పెట్టి ఆయనతో వెళ్ళాను. ఇంజనీరు సైటు మీద ఉన్నాడు. గంటన్నర కూర్చున్నాం. వచ్చాక మామయ్య లేచి నిలబడి, తానెవరో చెప్పబోయారు. ఆ కుర్రాడికి వినే తీరిక లేదు. ఒక చెవికి ఫోను, ఎదురుగా ఇంకో ముగ్గురు.

"చెప్పినం గదా పెద్దాయనా. ఫండ్స్ రాగానే మీదే ముందు చేస్తం. కొంచెం ఓపిక పట్టండి."

మూడు దశాబ్దాలు బల్లకు అవతల కూర్చున్న మనిషి ఇవతల నిలబడటం అదే మొదటిసారి అనుకుంటాను. తిరిగి వస్తుంటే పిల్లలు క్రికెట్ ఆడుకునే మైదానం గోడ దగ్గర ఆగారు. ఎండ ఎక్కువేమీ లేదు. కాళ్ళు నొప్పేమోనని, "ఆటో పిలవనా మామయ్యా?" అన్నాను.

"వద్దు. జెరసేపు నిలబడుదాం." గోడకు ఆనుకుని చెప్పడం మొదలుపెట్టారు. "నేను సూసిన కాలనీల ఒక డ్రైవర్ ఉండె. ఆయన ఇల్లు కురుస్తుండె. మూడు వానాకాలాలు తిప్పిన బిడ్డా ఆయన్ని. పైసలు రాలే అంటి, వానలు తగ్గనీ అంటి. అబద్ధం గాదు, నిజంగనే రాలే. గానీ ఒక్కపారి సుత వాళ్ళింట్లకు పోయి సూడలే. పోతే ఏమన్న చేయాలె గదా, అందుకే పోలే. ఆయన రిటైర్ అయ్యి ఖాళీ చేసే దినం తాళంచెవి నా చేతిల వెట్టి, 'సార్, వచ్చేటోళ్ళకన్న చేయిండ్రి' అన్నడు. ఏం తిట్టలే. తిడితే మంచిగుండు."

అంతకు ముందు ఉక్రోషంతో అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. "తర్వాత వచ్చినవాళ్ళకు చేశారా?" అని మాత్రం అడిగాను.

"చేసిన. ఆ ఎండాకాలమే చేసిన. పైసలు దొర్కినయ్ అప్పుడు," అని నడక మొదలుపెట్టారు.

ఆ మర్నాటి నుంచి ఆయన ఆ గోడను వదల్లేదు. పొద్దున టీ తాగగానే పాప పెన్సిల్ తీసుకుని, తడి ఎక్కడిదాకా దిగిందో అక్కడ గీత గీసి, పక్కన తారీఖు వేసేవారు. మధ్యాహ్నం మళ్ళీ చూసేవారు. పాపకు ఇది మహా సరదాగా ఉండేది. గోడ మీద తను గీస్తే తిట్లు, తాతయ్య గీస్తే తిట్లు లేవు.

రెండు వారాలకు ఆయనకు ఒక సంగతి తేలింది.

"వానలు పోయి నెల దాటింది. ఎండ సుత మంచిగనే కొడుతున్నది. అయినా తడి దిగుతనే ఉన్నది. ఇది బయట గోడ పగులు గాదు బిడ్డా, నాదే తప్పు. పైవాళ్ళ బాత్రూంల నుంచి వస్తున్నది. గానీ బాత్రూం లీకేజి అయితే ఇంకా జోరుగ దిగాలె. గింత మెల్లగ దిగుడేందో సమజ్ అయితలేదు."

మా పైఇంట్లో నర్సరీ స్కూల్లో పాఠాలు చెప్పే ఒకావిడ, పదో తరగతి చదివే ఆమె కూతురు ఉంటారు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఆమె భర్త మా శాఖలోనే వేరే ఆఫీసులో పనిచేసేవాడు. ఆ ఏడాది ఎండాకాలం చివర గుండెపోటుతో పోయాడు. సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. ఆ తర్వాత మెట్ల మీద ఎదురుపడితే తల ఊపడమే తప్ప, ఒక్కసారి కూడా పైకి వెళ్ళి కూర్చోలేదు. ఏం మాట్లాడాలో తెలియక వాయిదా వేశాను, వాయిదా అలవాటైపోయింది.

ప్రతి డిసెంబరులో వాళ్ళ బాల్కనీలో కాగితం నక్షత్రం వేలాడేది. లోపల బల్బు వెలిగించి పెట్టేవారు. ఆ ఏడాది పెట్టలేదు. పండక్కి తల్లీకూతుళ్ళు గుంటూరు వెళ్ళారు. వాళ్ళు లేని ఐదు రోజులూ మామయ్య గోడ ముందే గడిపారు. మూడో రోజుకు తడి అంచు ఆరి, గీతకన్నా పైకి పోయింది. ఐదో రోజుకు బెత్తెడు ఆరింది. వాళ్ళు తిరిగొచ్చిన రెండు రోజులకు మళ్ళీ కిందికి దిగింది. అనుమానం తీరిపోయింది.

మామయ్య పైకి వెళ్ళి తలుపు తట్టారు. నేను మెట్ల మలుపులో నిలబడ్డాను. ఆమె తలుపు సగమే తీసింది.

"అమ్మా, మీ బాత్రూం ఒక్కసారి సూడొచ్చా? మా గోడకు చెమ్మ వస్తున్నది," అన్నారు మామయ్య.

"మా బాత్రూం బాగానే ఉందండీ అంకుల్," అంది ఆమె. గొంతు వణికింది. "పాపకు పరీక్షలు దగ్గర పడ్డాయి, చదువుకుంటోంది. ఏమనుకోకండి." తలుపు మూసుకుంది.

నాకు కోపం వచ్చింది. నా కూతురు హాల్లో దగ్గుతూ పడుకుంటుంటే, ఈమె తలుపు కూడా తీయదా? ఇంజనీరుకు ఫోను చేశాను. "వాళ్ళు తలుపు తీయకపోతే మేమేం చేస్తం మేడం? మీరు రాసి ఇయ్యండి. వాళ్ళ పేరు మీద నోటీసు పంపుతం. ఇల్లు చెకింగ్ చేస్తం," అన్నాడు. ఆ సాయంత్రమే కాగితం తీసుకుని రాశాను. ఆఫీసు భాష నాకు కొత్తేమీ కాదు, ఘాటుగానే వచ్చింది. మామయ్య అద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, మడిచి తన జేబులో పెట్టుకున్నారు.

"ఒక్క దినం ఆగు బిడ్డా."

"ఎందుకు మామయ్యా? పాపకు ఎంత తక్లీఫ్ అయితుందో చూస్తలేరా?"

"సూస్తున్న. గానీ ఆమె భయపడ్డది, పొగరు సూపలే. బాత్రూం అడిగితే భయపడుడేంది? ఒక్కపారి నువ్వు వోయి మాట్లాడు. ఆడోళ్ళు ఆడోళ్ళు మాట్లాడుకోండ్రి. కాకపోతే ఎల్లుండి ఈ కాగితం నేనే తీస్కపోయి ఇస్తా."

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె చర్చి నుంచి వచ్చి మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తుంటే, నేనూ తడిబట్టల బకెట్టుతో వెళ్ళాను. ఆమె చీర ఇంకా మార్చుకోలేదు, కొంగు నడుముకు దోపింది. దుప్పటి రెండో కొస పట్టుకుని ఇద్దరం కలిసి పిండాం. అప్పటిదాకా మనసులో సిద్ధం చేసుకున్న మాటలన్నీ పక్కకు పోయి, "ఈ పండక్కి స్టార్ పెట్టలేదు మీరు," అన్నాను.

ఆమె దుప్పటి తీగ మీద వేసి, దాని వెనకే నిలబడిపోయింది. కాసేపటికి అర్థమైంది, ఏడుస్తోందని.

"అక్కా, నాకు తెలుసు, మా నీళ్ళే మీకు దిగుతున్నాయి," అంది. "సెప్టెంబరులోనే తెలిసింది. బాత్రూంలో నీళ్ళు పోయే జాలీ పక్కన గచ్చు కదులుతోంది. కానీ ఎవర్నన్నా పిలిస్తే ఆఫీసు వాళ్ళు వస్తారు. ఆయన పోయి ఏడు నెలలు దాటింది. ఆరు నెలలే ఉండనిస్తారంట, తర్వాత సామాన్లు బయట పెట్టేస్తారంట. పాపకు మార్చిలో పరీక్షలు. అప్పటిదాకా ఎవరి కంటా పడకుండా ఉంటే చాలనుకున్నాను."

"ఎవరు చెప్పారు ఆరు నెలలని?"

"అందరూ అంటున్నారు. నాకు ఎవర్ని అడగాలో తెలియలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీకు ఎక్కువ దిగకుండా ఇద్దరం అరబకెట్టుతోనే స్నానం చేస్తున్నాం అక్కా. బట్టలు కూడా ఇక్కడే మిద్దె మీద నల్లా దగ్గర ఉతుకుతున్నాను. జాలీ చుట్టూ గుడ్డలు కుక్కాను. అయినా ఆగట్లేదు."

తడి ఎందుకంత మెల్లగా దిగుతోందో, మామయ్యకు అర్థం కాని ఆ సంగతి నాకప్పుడు తెలిసింది. నాలుగు నెలలుగా ఒక తల్లి, ఎదిగిన పిల్ల అరబకెట్టు నీళ్ళతో సరిపెట్టుకుంటున్నారు, మా గోడ తడవకూడదని. ఆమె మీద నేను రాసిన కాగితం కింద మామయ్య జేబులో ఉంది. నేను అదే శాఖలో ఉద్యోగిని. ఆమె అడగడానికి మనిషి లేడంటోంది, మెట్లు దిగితే నేనున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. "రేపే కనుక్కుంటాను," అన్నాను. ఇంకేం చెప్పినా అబద్ధమే అయ్యేది.

మర్నాడు క్వార్టర్ల కేటాయింపు చూసే సెక్షనుకు వెళ్ళాను. అక్కడ పాత సూపరింటెండెంటుగారు నిబంధనల పుస్తకం తీసి, వేలు పెట్టి చూపించారు. ఉద్యోగి చనిపోతే కుటుంబం ఆరు నెలలకు మించి కూడా ఉండొచ్చు, కానీ దరఖాస్తు పెట్టుకోవాలి, కారణం రాయాలి. "పిల్ల పరీక్షలున్నయంటే ఎవరు కాదంటరమ్మా? అడగాలె. అడగకుంటే ఇచ్చేటోడు ఎవడున్నడు?" అన్నారాయన. ఆలస్యమైనా తీసుకుంటామన్నారు.

ఆ సాయంత్రం మా డైనింగ్ టేబుల్ దగ్గర మామయ్య, ఆమె, నేను కూర్చుని దరఖాస్తు రాశాం. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంది, నర్సరీ స్కూల్లో పాఠాలు చెబుతుంది కదా. మామయ్య ఒక్కో వాక్యం చెబుతుంటే ఆమె రాసింది. "దయతో అనుగ్రహించగలరని" అని ఆమె రాయబోతే ఆపారు.

"దయ ఎందుకు తల్లీ? రూల్ ఉన్నది. 'నిబంధనల ప్రకారం అనుమతించగలరు' అని రాయి. దండం పెట్టుడు వద్దు, సంతకం పెట్టు."

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో దుఃఖం వచ్చాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. తర్వాత మామయ్య లోపలికి వెళ్ళి, నా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయడం నాకు కనిపించింది. ఆమెకు ఆ కాగితం సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు.

అనుమతి ఉత్తరం మూడు వారాల్లో వచ్చింది. ఆమె ఆ కాగితం పట్టుకుని చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చింది. మామయ్య కళ్ళద్దాలు వెతుక్కునేలోపే, "అంకుల్, మీరు ఇప్పుడు బాత్రూం చూడండి," అంది.

ఆయన ఆ పూటంతా పైనే ఉన్నారు. టేపు పెట్టి కొలిచారు, జాలీ తీసి లోపలికి వేలు పెట్టి చూశారు. బాత్రూం నీళ్ళు పోయే జాలీ కింద గిన్నెలాంటి అమరిక ఉంటుంది, దాన్ని మేస్త్రీలు నాని ట్రాప్ అంటారు. అది పైపుతో కలిసే చోట అతుకు ఊడింది. కిందికి వచ్చి తెల్ల కాగితాల మీద స్కేలుతో గీతలు కొట్టి, పగలగొట్టాల్సిన గచ్చు ఎంత, పైపు ఎంత, సిమెంటు ఎంత, కింద మా గోడకు చెక్కాల్సిన పూత ఎంత, అంతా వరుసగా రాశారు. రెండు పేజీలు. మధ్యలో ఒక్క కొట్టివేత లేదు.

ఆ కాగితాలతో మళ్ళీ మెయింటెనెన్స్ ఆఫీసుకు వెళ్ళాం. ఈసారి మామయ్య తానెవరో చెప్పుకోలేదు. కాగితాలు ఇంజనీరు ముందు పెట్టి, వెనక్కి జరిగి కూర్చున్నారు. ఆ కుర్రాడు ఫోనులో మాట్లాడుతూనే మొదటి పేజీ చూశాడు. తర్వాత ఫోను పెట్టేశాడు. రెండో పేజీ తిప్పాడు.

"ఇది ఎవరు రాసిన్రు?"

"నేనే."

"సార్, మీరు ఎక్కడ చేసిన్రు?" అని అతను లేచి నిలబడ్డాడు. "ఇట్ల రాసేటోళ్ళు మా ఆఫీసుల ఎవరూ లేరు సార్. అందరం కంప్యూటర్ల కాపీ కొడుతున్నం."

"కూసో బిడ్డా, కూసో," అన్నారు మామయ్య. చెవుల దాకా ఎర్రబడ్డారు. "నీకు ఎన్ని కాలనీలు?"

"మూడు సార్. సైనిక్‌పురి వైపు ఒకటి, మౌలాలి వైపు ఒకటి, ఇది. పొద్దున లేస్తే స్కూటర్ మీదనే ఉంటా. ఒక్కన్నే."

"నాకు ఒక్కటే ఉండె. అయినా పరేషాన్ అయితుంటి."

ఆ తర్వాత ఇద్దరూ నన్ను మర్చిపోయారు. పెద్ద పనిగా పంపితే పైన ఆగుతుంది, అత్యవసర డ్రైనేజీ మరమ్మతుగా పెడితే ఇక్కడే తేలిపోతుంది, అదీ అబద్ధం కాదు, డ్రైనేజీయే కదా అని మామయ్య చెబుతుంటే అతను రాసుకున్నాడు. బయటికి వచ్చి గేటు దాకా సాగనంపాడు.

ఫిబ్రవరి మొదటి వారంలో పని షురూ అయింది. మేస్త్రి నల్లటి పొట్టి మనిషి, ఎవరి మాటా వినే రకం కాదు. మామయ్య పై బాత్రూం గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదటి రోజంతా ఇద్దరికీ గొడవే.

"పెద్దాయనా, నేను ఇరవై ఏండ్ల సంది చేస్తున్న."

"నేను ముప్పై ఏండ్ల సంది సూస్తున్న. అతుకు చుట్టు ఇంకింత తవ్వు."

తవ్వితే పైపు కూడా ఒక చోట చిట్లి ఉంది. మేస్త్రి తలెత్తి చూసి, చెవి మీద దోపుకున్న బీడీ తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. రెండో రోజు నుంచి ఇద్దరూ ఒకే కెటిల్లో టీ తాగారు. గచ్చు వేశాక, నీళ్ళు నిలబెట్టి ఒక రోజంతా చూడందే టైల్స్ వేయనివ్వనన్నారు మామయ్య. మేస్త్రి గొణిగాడు కానీ నిలబెట్టాడు. ఆ రోజంతా మామయ్య పైకీ కిందికీ ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. పాప కూడా వెంట తిరిగింది. కింద గోడ మీద కొత్తగా ఒక్క చుక్క తడి రాలేదు.

పని జరిగినన్నాళ్ళూ పైవాళ్ళిద్దరూ స్నానానికి మా ఇంటికే వచ్చారు. మొదటి రోజు ఆ అమ్మాయి తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో మొహమాటపడుతుంటే మామయ్య గీజర్ స్విచ్ వేసి, "రెండు బకెట్లు పోసుకో తల్లీ, ఇది కింది ఇల్లు, ఎవరికీ దిగదు," అన్నారు. నిజానికి మా కింద ఇంకో ఇల్లుంది. అందరం నవ్వాం. పొద్దున్నే ఒక టిఫిన్ నేను చేస్తే, ఒక టిఫిన్ ఆమె చేసేది. పాపకు ఆమె చేసే పెసరట్టు రుచి పట్టింది. ఇప్పటికీ నేను వేసేవి సగం వదిలేస్తుంది.

మా గోడకు పూత చెక్కి, ఇటుక కనిపించేలా వదిలేసి వెళ్ళారు. పూర్తిగా ఆరాలి కదా. ఆరు వారాలు ఆ గది అలా ఉంది. హాల్లో అందరం వరసగా పడుకున్నాం. మా ఆయన ఊర్ల నుంచి వచ్చినప్పుడు కాలు పెట్టే చోటు ఉండేది కాదు. ఏప్రిల్లో కొత్త పూత, రంగు వేశారు. ఇంజనీరు స్వయంగా వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. యాప్‌లో నక్షత్రాలు ఇవ్వమని నన్ను అడగలేదు, పాపను అడిగాడు. పాప దగ్గు ఆ ఎండాకాలంతో పోయింది. డాక్టరు చెమ్మ వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేదు. నేను మాత్రం అలాగే అనుకుంటాను.

ఆ అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. ఆమెకు భర్త ఉద్యోగం స్థానంలో ఇచ్చే ఉద్యోగం రావడానికి మరో ఏడాది పట్టింది. దరఖాస్తులన్నీ మా టేబుల్ మీదే, అదే పద్ధతిలో రాశాం. ఉద్యోగం వచ్చాక, ఆఫీసుకు దగ్గరని మౌలాలిలో ఇల్లు అద్దెకు తీసుకుని వెళ్ళిపోయారు. సామాన్లు ఎక్కించే రోజు మామయ్య పొద్దుట్నుంచి కిందికి దిగలేదు. బాల్కనీలోంచే చూశారు. ఆటో కదిలేముందు ఆమె మళ్ళీ పైకి వచ్చి, ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే, "మీ దాంట్ల ఇట్ల పెట్టరు గదా తల్లీ," అని రెండు చేతులూ పట్టుకున్నారు.

నెల తర్వాత కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నామని పిలిచింది. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే మామయ్య అందరికన్నా ముందు కళ్ళు మూసుకుని, అందరికన్నా ఆలస్యంగా తెరిచారు. ఏం మొక్కుకున్నారని పాప అడిగితే చెప్పలేదు. భోజనాల్లో గుంటూరు గోంగూర, కోడికూర. డాక్టరు కారం తగ్గించమన్నా, ఆయన అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నారు. ఆమె వడ్డిస్తూ నావైపు చూసింది. నేను చూడనట్టు తల వంచుకుని తిన్నాను.